పొట్టు రానివి

రాత్రి పన్నెండూ నలభైకి
కాశీబుగ్గలో కరెంటు పోయింది.
నాకేం పరవాలేదనుకున్నాను.
పనిచేసే యంత్రాలు ఇక్కడ లేవు కదా,
ఎక్కడో చల్లటి గదిలో బారులు తీరి ఉన్నాయి,
నా బల్ల మీదున్నది వాటిని చూసే కిటికీ మాత్రమే.

కరెంటొచ్చాక కిటికీ తెరిస్తే
వరసలకు వరసలు ఎరుపు.

నాలుగు వందల పన్నెండు సెల్స్.
ఒక్కోదానికి తొమ్మిది కార్నర్లు.
సున్నాకి నలభై డిగ్రీలు కింద ఎలా ఉంటుంది,
నూట పాతిక సెగలో ఎలా ఉంటుంది,
వోల్టేజి నీరసించిపోతే ఏం చేస్తుంది.
ఇసుక రేణువులో వెయ్యోవంతు లేని గేటు
ఎంత బరువెత్తితే ఎంత ఆలస్యంగా పలుకుతుందో
అడిగి అడిగి రాసుకోవడం నా ఉద్యోగం.
ఏడు అడ్డం, ఏడు నిలువు,
నలభై తొమ్మిది గళ్ల పట్టిక.
పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ ఎవర్నీ ఇన్ని అడగరు.

డిస్కు నిండిపోయింది, అంతే.
పిడుగు కాదు, తుఫాను కాదు.
ఎవరో పాత ఫైళ్లు తుడవడం మరిచారు.
(ఎవరో ఏంటి, నేనే.)

చెయ్యి, మొత్తం చెరిపేసే ఆజ్ఞ మీదికి పోయింది.
మొదట్నుంచీ మళ్లీ.
అదో రకం సుఖం, పలక కడిగేసుకున్నట్టు.
కానీ మూడు రోజులు పడుతుంది,
సోమవారం రేపే.

నాలుగున్నరకి కింది వాటాలో తలుపు చప్పుడు.
జీడిపప్పు ఫ్యాక్టరీకి తవిటమ్మ బయల్దేరుతోంది.
"ఏటి కుసుమా, తెల్లార్లూ లైటు ఎలుగుతానే ఉంది?"
పని పాడైందన్నాను, మొత్తం మళ్లీ చెయ్యాలన్నాను.

"మొత్తమెందుకు?
బోర్మాలోంచి తీసినాక మాకూ ఉంటాయి, పొట్టు రానివి.
అయ్యే ఏరి మళ్లీ ఎండేస్తాం.
ఒచ్చినయ్యి కూడా ఏస్తే మాడిపోవా?"
చెప్పులేసుకుంటూ, ఇంకోటి గుర్తొచ్చినట్టు ఆగింది.
"కొన్నుంటాయి.
తెల్లగానే ఉంటాయి, సందులో పొట్టు ఉండిపోద్ది.
గోరెట్టి సూడాల."

ఆటో వెళ్లిపోయింది.
నేను లాగులు తెరిచాను.

మూడు వేల ఏడు వందల ఎనిమిదిలో
మూడు వేల మూడు వందల తొంభై ఒకటి నిక్షేపంగా ఉన్నాయి.
వాటిని ముట్టుకోలేదు.
అసలు మొదలవనివి రెండు వందల తొంభై ఒకటి.
వాటితో పేచీ లేదు, ఖాళీగా ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

మిగతా ఇరవై ఆరూ
ఉన్నట్టే ఉన్నాయి.
పేరుంది, తేదీ ఉంది, సగం పట్టిక ఉంది.
చివరి బ్రాకెట్ లేదు.
మాట మధ్యలో గొంతు నొక్కేసినట్టు.
వీటినే పూర్తయ్యాయని లెక్కేసి
లైబ్రరీలో కలిపేస్తే
ఎవడి చిప్పులోనో, ఎన్నేళ్లకో,
తప్పు గడియారం కొడుతుంది.

ఏరాను.
చోటు ఖాళీ చేశాను.
ఏరినవే మళ్లీ పంపాను.

మధ్యాహ్నానికి ఒకటి తప్ప అన్నీ నిలబడ్డాయి.
ఆ ఒక్కటి ఒక ఫ్లిప్‌ఫ్లాప్, చలి కార్నర్లో.
దాని హోల్డ్ టైము అటూ ఇటూ ఊగుతుంది, తేలదు.
దానిది డిస్కు జబ్బు కాదు.
నాకు పాత పరిచయం.
కిందటి విడుదలలో కూడా ఇక్కడ ఇలాగే మొరాయించింది.
అప్పుడు నేను
పక్క గళ్లలోవి రెండు అంకెలు తీసి
సగటు కట్టి పెట్టేశాను.
ఎవరూ అడగలేదు.
తెల్లగానే ఉంది కదా.

కాలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి
మళ్లీ వేశాను, నెమ్మదిగా నడుస్తోంది.
సాయంత్రం తవిటమ్మ వచ్చింది,
జీడి మసి గోళ్ల చుట్టూ, ఆముదం వాసన.
"అయిందా?"
ఒకటి ఉండిపోయింది, అన్నాను.
ఆమె కుళాయి కింద చేతులు రుద్దుకుంటోంది,
ఆ నలుపు ఇవాళ పోదని తెలిసినా.

మెయిల్లో ఆ గడి ఖాళీగా వదిలాను.
కింద రాశాను: ఇది ఇంకా తేలలేదు.
పాతది కూడా నమ్మకండి.
రెండో వాక్యం
రెండుసార్లు చెరిపి
మూడోసారి ఉంచాను.