రవ్వ

నరసన్నపేట బంగారం కొట్ల వెనక సందులో
రవ్వ అంటే ముక్కుపుడకలో కూర్చునేది.
నాకు మాత్రం సాన చక్రం మీంచి లేచి
మోచేతి వెంట్రుకలు కాల్చిపోయేది.

సీతంపేట సంతకి వెళ్ళే కమ్మల అచ్చు
మొన్న మంగళవారం పగిలింది.
ఎనిమిది రేకుల పువ్వు, రూపాయి బిళ్ళకన్నా చిన్నది,
మా గురువు లక్కోజు వీరభద్రాచారి చెక్కింది.
నలభై ఏళ్ళు దెబ్బలు తిని
ఒక రేకు పక్కన వెంట్రుకవాసి గీత,
ఆ మర్నాడు రెండు చెక్కలు.
షావుకారు ఇరవై రోజులు గడువిచ్చాడు.
చెక్కడం నాకొచ్చు.
దేని మీద చెక్కాలో అదే తెలీదు.

తిలారులో పాసింజరెక్కి ముందు విశాఖ వెళ్ళాను.
కొట్టువాడు కడ్డీ చివర పూసిన రంగు చూపించి
డీ-టూ అన్నాడు,
కిలోకి తక్కువ కొయ్యనన్నాడు.
నాకు కావలసింది బొటనవేలంత.
పైగా అది అడిగే వేడి
మా కొలిమికి కలలోనైనా రాదు.
టీ తాగి తిరిగొచ్చేశాను.

ఆమదాలవలసలో తవిటమ్మ పాతినప కొట్టు.
లారీ కమాను కట్ట, పళ్ళరిగిన ఆకురాయి,
ఊరూ పేరూ లేని ఇరుసు ముక్క,
పంచదార మిల్లులో తిరిగి తిరిగి ఆగిన బేరింగు రోలరు.
ఒక్కొక్కటీ సానకి ఆనిస్తుంటే
"ఏటి బాబూ, ఇనప్ముక్కకి జాతకం సూత్తన్నావేటి?"
అవును తవిటమ్మా,
పుట్టినరోజు తెలీనివాటికి వేరే దారేదీ?

ఇరుసు రవ్వ గడ్డిపరకలా పొడుగ్గా వచ్చి
పూయకుండానే రాలిపోయింది.
ఆకురాయిది చిచ్చుబుడ్డి.
అంత కోపమున్నది నీళ్ళలో ముంచగానే వంకర పోతుంది,
ఒక్కోసారి టప్పుమని నోరు విప్పుతుంది.
కమాను కొమ్మలు వేసింది.
దెబ్బకి ఓర్చుకుంటుంది గాని
సన్న రేకు అంచు నిలపదు, పక్కన పెట్టాను.
రోలరు రవ్వ పొట్టిగా, నారింజ రంగులో, గుత్తులుగా చిట్లింది.
కోయించి నడిమధ్యన కూడా ఆనించాను.
కొన్ని పైకి ఉక్కు, లోపల మెత్తన.
మనిషికైతే మంచిదే, అచ్చుకి పనికిరాదు.
ఇది లోపలా అదే రవ్వ.
నూట ఇరవైకి బేరం కుదిరింది.

ఆ రాత్రి నిద్ర పట్టక
గురువు గారి అచ్చు చెక్క చేతిలోకి తీసుకున్నాను.
"సీమ ఉక్కురా, రైలు దొర ఇచ్చాడు" అనేవాడు,
అడిగిన ప్రతివాడితోనూ అదే మాట.
వెనకవైపు మూల, కనపడనంత, సానకి తాకించాను.
కొమ్మలు వేసింది.
మళ్ళీ తాకించాను. మళ్ళీ కొమ్మలే.
లారీ కమాను!

అప్పుడు గుర్తొచ్చింది.
ఏటా ఆయుధపూజ ముందురోజు
తలుపు గడియ పెట్టుకునేవాడు,
లోపల్నించి టిక్కు టిక్కుమని సన్న ఉలి.
మంత్రం అనుకునేవాళ్ళం.
అరిగిన రేకుల్ని మళ్ళీ తెరుస్తున్నాడన్నమాట,
నలభై సార్లు, ఒక్కడూ, ఎవరికీ చెప్పకుండా.

రోలరు ముక్కని ఎర్రగా కాల్చి
బూడిదలో రాత్రంతా కప్పెట్టాను.
పొద్దున్నకి ఉలికి లొంగింది. పదకొండు రోజులు చెక్కాను.
మళ్ళీ కొలిమిలో, ఈసారి
అయస్కాంతానికి అంటుకోవడం మరిచిపోయేదాకా.
ఇంకొక్క గుక్క గాలి,
నూనెలో ముంచాను. చప్పుడు చేయలేదు.
పల్లీలమ్మే సన్యాసిని బతిమాలి తెచ్చిన మూకుడులో
ఇసుక వేడిచేసి దాని మీద కూర్చోబెట్టాను.
ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె.
నేరేడు రంగు అంచున తొంగిచూసేలోగా
పట్టకారుతో ఎత్తేశాను.

పువ్వు బాగానే పడింది.
ఒక రేకు కాస్త మందం, షావుకారు గమనించలేదు.

గట్టిపడకముందే, చెక్కినన్నాళ్ళలోనే,
అచ్చు వీపు మీద సూదులితో రాసి ఉంచాను,
నా తర్వాత ఎవరికీ సాన పట్టే పని లేకుండా:
తవిటమ్మ కొట్టు. మిల్లు రోలరు.
నూనె. తేనె రంగు.
చోటు చాలక నా పేరు రాయలేదు.