అర చెంచా ఉప్పు

జుబైల్, జులై, రాత్రి పదకొండు.
క్లినిక్‌లో మూడో మంచం మీద లింబాద్రి,
పిక్కలు తాడు పేనినట్టు మెలిపడి
ఇప్పుడిప్పుడే వదులవుతున్నాడు.

"నీళ్లు తాగిన సారూ," అంటాడు, నేనేదో నేరం మోపినట్టు.
"పొద్దుగాల సంది పన్నెండు బాటిళ్లు తాగిన.
నీళ్ల ప్లాంటుల పనిచేసెటోనికి నీళ్లకు కరువా?"

కరువు నీళ్లకు కాదు.
కొక్కేనికి వేలాడుతున్న అతని నీలం కవరాల్,
వీపు మీద తెల్లగా ఎండిన గీతలు
అల వచ్చి వెనక్కి పోయిన ఒడ్డులా.
ఒంట్లో ఉండాల్సిన ఉప్పు అక్కడుంది.
లోపల మిగిలింది చప్పటి నీళ్లు.
చప్పటి నీళ్లలో కణాలు
నానేసిన శనగల్లా ఉబ్బుతాయి.

"కణమంటే?"

క్యాంపులో మీ గది గుర్తు తెచ్చుకో, అన్నాను.
రెండు వరుసల మంచాలు,
కాళ్లకు కాళ్లు ఎదురు, తలలు బయటివైపు.
కణం చుట్టూ పొర అంతే.
ఇటుకలు లేవు, పడుకున్న కొవ్వు.
తలలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు గిట్టదు,
అందుకని తోకలన్నీ మధ్యలో ఒకదాని చాటున ఒకటి.
నిద్రలో దొర్లినట్టు కదులుతూనే ఉంటాయి.
గోడే, కానీ పారే గోడ.

లోపల పల్చటి జావ.
నడుమ ఒక గది, గదిలో ఒకటే పుస్తకం,
బయటికి ఇవ్వరు,
కావలసిన పేజీకి నకలు రాసి పంపుతారు.
చుట్టూ వందల జనరేటర్లు.

"ఫోర్‌మన్ ఎవ్వడు?"
లేడు.
ఇన్నేళ్లుగా చదువుతున్నా, అది నాకూ వింతే.

ప్రాణవాయువు ఆ పొరలోంచి అడక్కుండా దూరిపోతుంది.
నీళ్లకు సన్నటి దారులున్నాయి.
ఉప్పుకు మాత్రం తలుపు కావాలి.
లోపలికి చొరబడ్డ సోడియాన్ని పంపులు తోడిపోస్తుంటాయి,
మూడు బయటికి, రెండు పొటాషియం లోపలికి,
మూడు బయటికి, రెండు లోపలికి,
నువ్వు ఓవర్‌టైం చేసినా
ఇట్లా మంచాన పడ్డా.
తిన్న బువ్వలో పెద్ద వాటా వాటి జీతానికే పోతుంది.

పంపులంటే లింబాద్రి లేచి కూర్చున్నాడు.
పంపులు అతనికి తెలుసు.
వాళ్ల ప్లాంటులో సముద్రాన్ని మోటార్లు పెట్టి
పొరల మీదికి నెడతారు,
నీళ్లు ఇవతలికి, ఉప్పు అవతలే.
పాడైన పొరల గొట్టాలు భుజాన మోసి మార్చేది అతనే,
తడిసినవి ఎముకలోకి దిగుతాయట.
"అంత మోత లేకుంట కడుపుల ఎట్ల అయితది సారూ?"

గ్లాసు అందించాను.
లీటరు నీళ్లకు అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర.
పేగు గోడలో ఒక తలుపుంది.
చక్కెర ఒక్కతే వచ్చి తడితే తెరవదు.
ఉప్పు ఒక్కడే వచ్చి తడితే తెరవదు.
చేయీ చేయీ పట్టుకుని వస్తే, లోపలికి రమ్మంటుంది.
వాళ్ల వెనకాలే నీళ్లు,
మేళం వెంట పిల్లల్లా, పిలవకుండానే.

చాలాసేపు గ్లాసులోకే చూశాడు.
"మరి మేం గెంటేసిన ఉప్పు?"
మళ్లీ సముద్రంలోకే.
"సముద్రానికి ఎక్కువ గాదా?"
నాకు రాలేదు జవాబు.
నేను నర్సును, సముద్రానికి సెలైన్ ఎక్కించలేదు ఎన్నడూ.

"జర చక్కెర ఎక్కువెయ్యి సారూ, చాయ్ లెక్క."
వద్దు. మితి మీరితే
ఒంట్లోని నీళ్లనే పేగులోకి గుంజుకుంటుంది,
మళ్లీ మొదటికొస్తావు.

ముఖం చిట్లించి తాగాడు, గుక్క గుక్కకూ ఆగి.
ఖాళీ గ్లాసు కింద పెట్టి
కొక్కెం వైపు చూశాడు.
"రేపు దాన్ని ఉతకకుంటనే తొడుక్కుంట.
ఉప్పు నాదే గదా."