గూల్వెన్ గీసిన బాణం

కాంకాల్ తీరంలో సముద్రం వెనక్కి పోయింది.
ఆల్చిప్పల బల్లల మధ్య, మోకాటి లోతు బురదలో
గూల్వెన్ హోంవర్కు తడుస్తోంది.

చంద్రుడి మీద రెండు బాణాలు గీశాడు:
లోపలికొకటి, బయటికొకటి.
"జంట కుదిరింది" అన్నాడు.

మేలెన్ అత్త చేతి తొడుగు తీయకుండానే
పడవ తాడు కొస వాడికిచ్చి లాగింది.
వాడు ముందుకు తూలాడు.
ఆమె మడమలూ బురదలోకి దిగాయి.

"నా లాగుడు నీ ఒంటి మీద.
నీది నా మీద.
ఒకే ఒంటి మీద రెండూ వెతికితే ఎలారా?"

వాడు బయటి బాణం చెరిపాడు.
భూమి మీద గీశాడు, చంద్రుడి వైపు.
అంత చిన్నవాడికి అంత బలమా అని
పొట్టిగా గీయబోయి
ఆగాడు.

దూరంగా నీళ్లు తిరుగుముఖం పట్టాయి.
అత్త బుట్ట ఎత్తుకుంది:
"పద, అవతలివాడు లాగుతున్నాడు."