కుర్చీ ముందే చెప్పేస్తుంది

లియెపాయాలో గాలి తలుపు తట్టి రాదు.
కిటికీ సందుల్లో పాత సాక్సులు కుక్కి
ఫ్రిజ్ ప్లగ్గు పీకి
వంటల పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టి
ఎర్ర చుక్క నొక్కుతాను.

పగలంతా చేపల డబ్బాల లెక్కలు రాసే వేళ్ళివి.
ఎంత కడిగినా పొగబెట్టిన వాసన పోదు.
రాత్రి తొమ్మిదికి వీటి మీద
నూట ఎనభై ఏళ్ళ కిందటి ఒకడి దిగులు పెట్టి
ఒలక్కుండా మొయ్యమంటాను.

మొదటిది పంపినప్పుడు
మా చెల్లెలు దైగా "అబ్బ, ఎంత బాగుందో" అంది.
అది అన్నింటికీ అలాగే అంటుంది,
నా జుట్టు కత్తిరింపుకి కూడా.
సంగీత కళాశాల కుర్రాడు రిహార్డ్స్
"రుబాటో ఎక్కువైంది" అని ఒక్క ముక్కే రాశాడు.
కాలాన్ని ఇక్కడ కాస్త దొంగిలించి
అక్కడ తిరిగిచ్చేయాలట.
నేను దొంగిలించాను గానీ ఇవ్వలేదు.
లెక్కలు రాసేదాన్నయ్యుండీ బాకీ పడ్డాను.

కుల్దీగాలో పియానోలు శ్రుతి చేసి చేసి మానేసిన
ఓయార్స్ గారు మాత్రం ఉత్తరమంత రాశారు:
"ఎడమ చేయి విందులో తాగిన మేనమామలా
అందరికన్నా గట్టిగా మాట్లాడుతోంది.
పద్నాలుగో బార్‌లో
పొయ్యి మీద పాలు పెట్టొచ్చినట్టు ఉరికారు."
నిజంగానే పెట్టొచ్చాను.
"ముప్పై ఒకటిలో తప్పు పడుతోంది, అది సరే.
దానికి అర క్షణం ముందు మీ కుర్చీ కిర్రుమంటోంది.
చేతికన్నా ముందు నడుం భయపడుతోంది."

మూడుసార్లు విన్నాను.
నిజమే. కుర్చీ చాడీలు చెబుతోంది.

పక్కింటి మిల్డా గారి కుట్టుమిషను స్టూలు తెచ్చుకున్నాను, మూగది.
తప్పు ఈసారి చెప్పాపెట్టకుండా వచ్చింది.
అదీ పంపాను.
పదకొండోదీ, పన్నెండోదీ పంపాను.
ఒకదాన్లో మలుపు తిరిగే ట్రాము,
ఒకదాన్లో పై వాటా వాళ్ళ కుక్క,
ఒకదాన్లో నన్ను నేను తిట్టుకోవడం.

మార్చిలో ఆయన జవాబు రాలేదు.
ఊరి బయట కరెంటు స్తంభాల మీదికి కొంగలు తిరిగొచ్చాయి,
ఏప్రిల్ సగం పోయింది.
అప్పుడొచ్చింది ఒక ఫైలు, పలకరింపైనా లేకుండా.
రెండు నిమిషాల నలభై సెకన్లు.

అదే ముక్క.
వణికే కుడి చేయి.
నలభై మూడేళ్ళు ఊళ్ళో వాళ్ళ పియానోలకి చెవి ఒగ్గినాయన
తనది ఎవరికీ వినిపించిన పాపాన పోలేదు.
ముప్పై ఒకటో బార్ దగ్గర
నేనిక్కడ ఊపిరి బిగబట్టాను.
ఆయన ఆగిపోయారు.
ఎక్కడో గోడ గడియారం నాలుగు అడుగులు వేసింది.
మళ్ళీ మొదలుపెట్టారు,
ఆ తప్పు స్వరం మీంచే.

అడుగున ఒక్క వాక్యం:
"ఎలా ఉందో చెప్పండి. మొహమాటం వద్దు."

దైగాలా అబ్బ అనబోయి నాలిక కరుచుకున్నాను.
కిటికీలో జారిన సాక్సు మళ్ళీ కుక్కి
నాలుగోసారి విని
లెక్కల పుస్తకం చివరి పేజీలో చిత్తు రాసుకున్నాను:

"ఎనిమిదిలో పెడల్ కాస్త ముందే వదిలేశారు.
ఇరవై రెండులో తొందర.
మీ కుర్చీ మాత్రం
ఒక్క మాటా బయటపెట్టలేదు."