రెండు ఫారం పదహార్లు

గంటస్తంభం దగ్గర, జెరాక్సు షాపు మేడమీద,
కూర్మారావు నా రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి
జాతకాలు కలుస్తాయా అన్నట్టు చూశాడు.

ఒకటి రాయగడ అవతలి ఫెర్రో కొలిమిది,
ఏప్రిల్ నుంచి సెప్టెంబరు.
రెండోది గరివిడిది, అక్టోబరు చివర్నుంచి మార్చి.
అందులో నేను బొయిరాగి,
ఇందులో బైరాగినాయుణ్ణి.
పాన్ నంబరు ఒక్కటే కాబట్టి
మనిషీ ఒక్కడేనని కంప్యూటరు నమ్మింది.

"వృత్తి పన్ను ఆళ్ళూ కోసినారు, ఈళ్ళూ కోసినారు.
అదలా పోనీ. అసలు తిరకాసు ఇది.
నువ్వు నాలుగు లక్షలోడివని ఆళ్ళనుకున్నారు,
నాలుగు లక్షలోడివేనని ఈళ్ళనుకున్నారు,
ఆదాయం పన్ను ఎవులూ రూపాయి కొయ్యలేదు.
కలిపితే బాకీ పడ్డావు బావూ,
ముప్పై వేల పైచిలుకు. వడ్డీ వేరే."

విడివిడిగా ఇద్దరూ నన్ను పేదవాడన్నారు.
కూడితేనే మారాజునయ్యాను.

కూనేరు దాటితే
స్టేషను బోర్డు మీద అక్షరాలు గొడుగులు వేసుకుంటాయి,
అంతే తేడా.
అక్కడ పొఖాళొ, ఇక్కడ తరవాణి,
రెంటిలోనూ అదే పులుపు, నంజుకి అదే ఉల్లిపాయ.
కొలిమి తలుపు తీస్తే
కనుబొమల మీద అదే సెగ.

మోచేతి కింద ఓ మచ్చ ఉంది.
సెప్టెంబరు ఇరవై ఏడు, రాత్రి షిఫ్టు, చిట్టెం చిందింది.
కాలింది ఒడిశాలో.
పొర ఊడి కొత్త చర్మం వచ్చింది
విజయనగరం జిల్లాలో.
దీన్ని ఏ గడిలో రాస్తావని అడిగాను.

కూర్మారావు నవ్వలేదు.
ఎడం చెయ్యి బల్లమీద పెట్టాడు:
జూట్ మిల్లు తీసుకున్న చిటికెన వేలి జాగా.
"మిల్లు మూసీసినారు. ఇదొక్కటీ తిరిగియ్యలేదు."
మళ్ళీ నాలుగు వేళ్ళతో టకటకా కొట్టుకుపోయాడు.

నడుమ ఇరవై మూడు రోజులు
ఏ గేటూ నాది కాదు.
ఆ రోజులు ఏ రాష్ట్రానివి?
"జీతం లేని రోజుల్ని ఎవులడుగుతారు?"
తల ఎత్తకుండానే అన్నాడు.

చివర ఓటీపీ.
అది పాత సిమ్ముకి పోయింది, అవతలి నంబరుకి,
రీఛార్జి లేక ఆర్నెల్లుగా నిద్రపోతున్న దానికి.
కిందికి దిగాను. షాపు కుర్రాడికి
ఒడిశా సర్కిలు వెతకడానికి పావుగంట పట్టింది.

ఇప్పుడు కిటికీలోంచి ఫోను బయటికి చాపి
గడియారం వైపు నిలబడ్డాను.
"ఇంకా రాలేదేటి?" కింద కుర్రాడి కేక.

పేరుకి బైరాగిని.
నా బాకీ తీరాలంటే
నాగావళి అవతల్నుంచి
ఆరంకెలు నడిచి రావాలి.