నలభైరెండో స్తంభం

కరెంటు కొట్టి సచ్చిందన్నారు అందరూ.
నన్నే అడిగినారు,
ఈ ఫీడరుకు లైన్‌మన్ నేనే గదా.

బెళుగుప్ప దావన నలభైరెండో స్తంభం.
దాని కింద, బుడ్డచేన్లో,
వెల్లకిలా అడవి రామదాసు.
బూడిద వీపు, భుజాల మీద మసి,
మూయని ఎర్ర కళ్ళు.

కరెంటు సావు నాకు తెల్సు.
ఇరవైరెండేండ్లుగా తీగల కింద ఏరుతాండా
కాకుల్ని, గబ్బిలాల్ని, ఒకసారి మనిషిని.
గోళ్ళు కమురుతాయి. ఈక చుట్టుకపోతాది.
ఆ వాసన చొక్కాను వారం దినాలు ఇడ్సదు.
దీనికి ఏ వాసనా లేదు.
ముక్కు కొసన నెత్తుటి దారం.
తుడిచినా. మళ్ళా వచ్చింది.

తీగ తప్పు కాదంటి.
ఎవరూ నమ్మల్యా.
నమ్మకపోయిందే మేలనిపించింది.

స్తంభానికి తూర్పున నాలుగెకరాలు నాయి.
పోయినేడు ఎలకలు సగం బుడ్డలు బొక్కల్లోకి గుంజుకపోతే
గడ్డపారతో తవ్వి తెచ్చుకుంటిమి.
నల్లమందు పెడితే ఒకటి సచ్చింది,
తక్కినవి దాన్ని చూసి నేర్చుకున్నాయి.
ఈసారి ఉరవకొండ అంగట్లో వన్నూరప్ప
నీలం బిళ్ళలిచ్చినాడు.
"మెల్లగ పన్జేస్తాది. వాటికి అనుమానం రాదు."
మారెక్క బొక్కకొకటి పెట్టి,
చేతులు మూడుసార్లు కడుక్కొని కూడా
ఆ పూట మనవడికి బువ్వ కలపల్యా.

అయిదో దినం ఎలకలు బయటికొచ్చినాయి
మిట్టమధ్యాన్నం, తాగినోళ్ళ మాదిరి,
దావ మర్సిపోయి.
నేను నలభైమూడు మీద జంపరు బిగిస్తాంటి.
పక్క స్తంభం మీంచి అది లేచింది,
గాల్లో ఒకేకాడ నిలబడి రెక్కలాడిస్తా,
కాళ్ళు యాలాడేసి
మెట్లు దిగినట్ల దిగి
ఒకదాన్నెత్తుకుంది.
మళ్ళా ఒకటి. మళ్ళా.
అంత సులువు యాట దాని జన్మలో చూసిండదు.
"రామదాసూ, ఈ పొద్దు నీకు పండగలే" అంటి
పైనుంచి, నవ్వుతా.

వంక గట్టున తుమ్మచెట్లో దాని గూడు.
పొద్దు మునిగేదాకా అక్కడికే మోసింది.

స్తంభమెక్కమంటే ఎక్కుతా,
ముప్పై అడుగులు, వానలో, రేత్రిలో.
ఆ తుమ్మచెట్టు పన్నెండడుగులు.
దాని కిందికే పోలేకపోతాండా.

లైనెక్కేముందు ఫోన్ చేస్తాం: నేను మీదున్నా, వదలొద్దు.
సబ్‌స్టేషన్లో హొన్నూరు ఎర్ర అట్ట తగిలిస్తాడు.
నేను దిగినా అనేదాకా ఎవడూ స్విచ్చి ముట్టడు.
చేనికి అట్లాంటి అట్ట లేదు.
ఎలకకేసింది ఎలక కాడ్నే ఆగుతాదనుకుంటిమి.
ఈ కొసన ఏసింది ఆ కొసదాకా పోతాదని
అందరికన్నా ముందు తెలియాల్సినోన్ని నేనే.

రేత్రి బొక్కల్లో మళ్ళా గీకుతాండాయి.
మిగిలిన బిళ్ళలు యాడ పెట్టాలని
మారెక్క అడిగింది.

యాడ పెట్టినా
అవి ఆడ ఉండవు.