గాలి లేదు

ఇరవై ఆరేళ్ళుగా నేను
ఆలస్యం మీద బతుకుతున్నాను.
ఆలస్యం అమృతం విషం అన్న పెద్దాయనకి
రోజుకింతని జరిమానా రాసుకునే ఒప్పందం
తెలిసుండదు.
దోహాలో మేం విషాన్ని కూడా లెక్కకడతాం,
రియాళ్ళలో, చివరి దిర్హమ్ దాకా.

మొదటి కేసు మురుగునీటి పైపుది.
అది ఎక్కడ కుంగిందో చూడ్డానికి
జులై ఎండలో బూటు అడుగులు మెత్తబడేలా నడిచాను.
ఇప్పుడు నడవను.
పంతొమ్మిదో అంతస్తులో, ఏసీ చలికి
కోటు గుండీలు పెట్టుకుని
ముగ్గురు మధ్యవర్తుల ఎదుట కూర్చుంటాను.
సైటే నా దగ్గరికొస్తుంది, అట్టపెట్టెల్లో.
నూట నలభై ఫైళ్ళు, రంగురంగుల గడుల పట్టికలు,
ఇది నీ వల్ల ఆగింది, ఇది నా వల్ల,
ఇదిగో ఇది ఇద్దరి వల్లా.
ఆ మూడోదాని మీద అరవై పేజీలు రాస్తాం.
మా నాయనమ్మయితే
తిలాపాపం తలా పిడికెడు అనేసి
వక్కముక్క బుగ్గన పెట్టుకునేది.

ఈసారి గొడవ వంతెన గురించి.
రెండు వందల పదకొండు రోజులు.
కాంట్రాక్టరు మావాడు, నాదిర్.
గాలి అన్నాడు, డ్రాయింగులు రాలేదన్నాడు,
మళ్ళీ గాలి అన్నాడు.

సైటు డైరీలంటే నాకిష్టం.
ఎవరూ చదవరనే ధీమాతో రాస్తారేమో
వాటిల్లో అబద్ధం కూడా బద్ధకంగా ఉంటుంది.
మార్చి మూడు: పెనుగాలి, క్రేను ఆపేశాం.
మార్చి నాలుగు: డిటో.
మార్చి అయిదు: డిటో.
అలా పదకొండు దాకా.
కింద ఇంజినీరు సంతకం, తొమ్మిదీ ఒకే పూట పెట్టినట్టు.

ఆ పక్క మార్జిన్‌లో, పెన్సిల్‌తో,
హాజరు వేసే మనిషి చేతిరాత:
"గాలి లేదు.
మూన్నెల్ల సంది జీతం రాలే.
అందరం కూసున్నం.
లింబాద్రి."

స్కాన్ చేసినవాడు మరకనుకుని ఉంటాడు.
అవతలి లాయరు ఆ పేజీ తిప్పేశాడు.
గదిలో పద్నాలుగు మందిమి.
చదవగలిగింది నేనొక్కణ్ణే.
నీళ్ళసీసా మూత తీశాను,
తాగకుండానే బిగించాను.

మాది తెనాలి దగ్గర.
కూసున్నం అన్న మాట నా నోట ఎప్పుడూ పలకలేదు.
ఆ రాత్రి ఖాళీ ఆఫీసులో రెండుసార్లు అన్నాను,
పైకే.
కంపెనీ జాబితాలో లింబాద్రి
ఒక నంబరు, దాని మీద
వీసా రద్దు ముద్ర.

పొద్దున నాదిర్‌తో చెప్పాను,
ఆ తొమ్మిది రోజులకీ గాలి అని నేను అనలేను.
"ఎవరు చూశారు?"
నేను.
"నువ్వు మా మనిషివి."
అవును, అందుకే ముందు నీకు చెబుతున్నా.
చాలాసేపు కిటికీలోంచి సముద్రం చూశాడు.
"తీసెయ్. నీ బిల్లులోనూ
తొమ్మిది రోజులు తీసెయ్."

తీర్పు నూట డెబ్బై నాలుగు రోజులిచ్చింది.
గెలుపే అన్నారు. కేకు తెప్పించారు.
ఎనభై ఎనిమిదో పేజీ అడుగున చిన్నక్షరాల్లో
ఒక ఫుట్‌నోట్ ఉంది:
తొమ్మిది రోజులు క్లెయిమెంట్ ఉపసంహరించుకున్నాడు,
కారణం చెప్పలేదు.

చెప్పలేదు. నేనూ చెప్పలేదు.
జీతాల సంగతి మా ఒప్పందం పరిధిలోకి రాదు,
ఆ మాట కావాలంటే
క్లాజు నంబరుతో సహా చెప్పగలను.

నిన్న శుక్రవారం
ఆ వంతెన మీదుగా వెళ్ళాను.
మధ్యకి రాగానే కిటికీ అద్దం దించాను.

గాలి బాగానే ఉంది.